నాజిల్ పైపుకు అతుకు పనికిరాదు

వరి కోతల కాలము వచ్చినదనగా మన కన్నులు ఆకాశము మీదనే యుండును. మబ్బు పట్టునేమో, గాలి లేచునేమో, కల్లములోని ధాన్యము తడియునేమో యని మనకు దిగులు. ఆ దిగులులో లారీ దొరకినది చాలు ననుకొందుము. కోతమిషను వచ్చినది చాలు ననుకొందుము. ఆ బండి ఇంజను ఎట్లున్నది, దాని పైపులు ఎట్లున్నవి అని అడుగువారు లేరు. విత్తనము, ఎరువు, పురుగు మందు వీటిని గురించి ఎంతో చెప్పు మా శాఖవారము కూడ ఆ సంగతి మీకు చెప్పినది తక్కువే. ఆ లోపము వలన నా కన్నుల యెదుట జరిగిన నష్టమొకటి మీకు విన్నవించి, నా అభిప్రాయము తెలుపుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన గరిడేపల్లి మండలము నాగార్జునసాగరు ఎడమ కాలువ ఆయకట్టులోనిది. 1955 డిసెంబరు 10వ తేదీన సాగరునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలిరి. ఆ నీటితో మెట్ట భూములు మాగాణములైనవి. పంట పెరిగినకొలది పనికి ఎద్దులు చాలలేదు. ట్రాక్టరు వచ్చినది, కోతమిషను వచ్చినది, బియ్యపు మిల్లులకు పేరుపొందిన మిర్యాలగూడకు ధాన్యము మోయు లారీలు వచ్చినవి. ఇవి అన్నియు డీజిల్ ఇంజను మీదనే నడచుచున్నవి. నేడు మన పంట ఇల్లు చేరుట వానదేవుని దయ మీద ఎంత ఆధారపడియున్నదో, వ్రేలంత లావైనను లేని ఒక ఇనుప పైపు మీద కూడ అంతే ఆధారపడియున్నది.

జరిగిన సంగతి

కొన్నేండ్ల క్రిందట, యాసంగి ధాన్యము కొనుగోలు జరుగుచుండగా, ఒక సాయంకాలము నేను ఒక కొనుగోలు కేంద్రమున నుంటిని. కాంటా ముగిసి, బస్తాలు లారీకి ఎక్కినవి. బయలుదేరబోవు సమయమున ఇంజను మిస్ కొట్టసాగినది. మూత ఎత్తి చూడగా పంపు నుండి నాజిలుకు పోవు పైపు ఒకటి చిట్లి, డీజిల్ చిమ్ముచున్నది. డ్రైవరు నా వైపు చూచి, "సారూ, కొత్త పైపు తేవాలంటే రేపు పొద్దున దుకాణం తెరవాలె. గ్యాస్ వెల్డింగు పెట్టిస్తే మిర్యాలగూడ దాకా పోతది" అన్నాడు. ప్రక్కనున్న వృద్ధ రైతు "మబ్బు పట్టింది సారూ, ఏదో ఒకటి చేసి పంపుండ్రి" అని బ్రతిమాలెను. నేను బి.యస్సి. వ్యవసాయము చదివినవాడను. ఇంజను సంగతి నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు బదులు "సరే, పెట్టించు" అంటిని.

అతుకు వేసిరి. లారీ ఐదారు మైళ్లు పోయి మరల నిలిచినది. నేను మోటారు సైకిలు మీద వెనుకనే పోవుచుంటిని. క్లీనరు కుర్రవాడు, పందొమ్మిదేండ్లవాడు, ఇంజను నడచుచుండగానే అతుకు ఎక్కడ కారుచున్నదో చూచుటకు చూపుడు వ్రేలు పైపు వెంబడి జరిపెను. "చీమ కుట్టినట్లయింది" అని చేయి లాగుకొనెను. వ్రేలి మీద సూది పోటంత చుక్క మాత్రమే కనబడినది. రక్తము కూడ సరిగా రాలేదు. "సబ్బుతో కడుగుకొమ్ము, ఏమియు కాదు" అని చెప్పినవాడను నేనే.

తెల్లవారునప్పటికి చేయి మణికట్టు దాక వాచినది. ఆసుపత్రికి తీసికొనిపోగా వైద్యులు వ్రేలిని కోసి లోపలి డీజిలును, చెడిన కండను తీసివేసిరి. చేయి దక్కినది గాని చూపుడు వ్రేలు దక్కలేదు. ఆ రాత్రియే తెచ్చియుండిన వ్రేలు నిలిచెడిదేమో యని వైద్యుడు చెప్పిన మాట నాకు ఇప్పటికిని వినబడుచున్నది. ఆ రాత్రి వానకు పై వరుస బస్తాలు కూడ తడిసినవి. కొనుగోలుకు ధాన్యమున తేమ నూటికి 17 పాళ్లు మించరాదు గదా. ఆ బస్తాలను మరల దించి ఆరబోయవలసి వచ్చినది. త్వరపడి మేము మిగుల్చుకొనినది ఒక గంట కూడ లేదు.

ఆ పైపులో నేమున్నది?

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ వేయు ప్లగ్గు ఉండదు. గాలిని మిక్కిలి గట్టిగా నొక్కినప్పుడు అది వేడెక్కును. ఆ వేడి గాలిలోనికి డీజిలును సన్నని తుంపరగా చిమ్మిన అదియే మండును. జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ ఇట్టి ఇంజనును 1897లో జయప్రదముగా నడపి చూపెను. 1900 సంవత్సరపు పారిసు ప్రదర్శనములో ఇట్టి చిన్న ఇంజనొకటి వేరుసెనగ నూనెతో నడచినదని తెలిసిన మన రైతులకు సంతోషము కలుగును. తుంపర చిమ్మునట్టి పంపును 1927లో బాష్ కంపెనీవారు పెద్ద ఎత్తున తయారుచేయ మొదలుపెట్టిరి. 1951లో బెంగుళూరున స్థాపింపబడిన మైకో కంపెనీ మన దేశమున ఆ పని చేపట్టినది. పాత మేస్త్రీలు నేటికిని "మైకో పంపు" అనుట అందువలననే.

ఇంజనుకు డీజిలు పైపులు మూడు విధములు. ట్యాంకు నుండి ఫిల్టరు ద్వారా పంపుకు వచ్చునది మొదటిది. దీనిలో ఒత్తిడి తక్కువ. పంపు నుండి నాజిలుకు పోవునది రెండవది. నాజిలులో మిగిలిన డీజిలును వెనుకకు తెచ్చు సన్నని పైపు మూడవది. మొదటిదియు మూడవదియు కారిన, డీజిలుకు తగిన రబ్బరు పైపు, క్లిప్పు తెచ్చి మార్చుకొనవచ్చును. రెండవ దాని సంగతి వేరు. నేను చెప్పునది దానిని గురించియే.

పాత తరహా ట్రాక్టరు ఇంజనులలో సుమారు 200 కిలోల ఒత్తిడి చదరపు సెంటీమీటరుపై పడినప్పుడు నాజిలు తెరచుకొనును. లారీ టైరులోని గాలి ఒత్తిడి ఏడెనిమిది కిలోలు మాత్రమే. టైరు పగిలిన ఎంత చప్పుడగునో మీరెరుగుదురు. దానికి ఇరువదియైదు రెట్లు ఒత్తిడి ఈ సన్నని పైపులో నుండును. ఇక కొత్తగా వచ్చిన కామన్ రైలు ఇంజనులలో ఇది 1,600 కిలోలు మొదలు 2,000 కిలోల వరకు పోవును. అట్టి డీజిల్ సూది మొనంత బెజ్జము గుండా వచ్చిన, చర్మమును చీల్చుకొని లోపలికి పోవుటలో ఆశ్చర్యమేమున్నది?

అతుకు ఏల నిలువదు?

ఇంజను నిమిషమునకు 1,500 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క నాజిలుకు నిమిషమునకు 750 సార్లు డీజిల్ పోటు తగులును. గంటకు 45,000 సార్లు. ఎనిమిది గంటల పనిలో 3,60,000 సార్లు. ప్రతి పోటుకును పైపు అదరును. ఇనుప తీగను అటునిటు వంచుచుండిన చివరకు అదే చోట తెగుట మన కనుభవమే గదా. అందువలననే ఈ పైపును అతుకు లేని ఉక్కు గొట్టముతో చేయుదురు. అదరకుండ క్లాంపులతో బిగింతురు. పైపులు చిట్లిన బండ్లను చూచినప్పుడు నేనిప్పుడు మొదట చూచునది క్లాంపునే. తరచుగా అది ఊడియైన నుండును, లేక ఎప్పుడో తీసి మరల పెట్టకయైన నుందురు. కొందరు దాని స్థానమున గుడ్డ పీలికయో తీగయో కట్టుదురు.

గ్యాసు మంటతో అతికినప్పుడు ఆ చోట ఉక్కు కాలి మెత్తబడును. లోపల పొక్కు కట్టిన ఇనుప పొలుసులు రాలి నాజిలు బెజ్జములకు అడ్డుపడును. పైపు లోపలి దారి సుమారు రెండు మిల్లీమీటర్లే. అతుకు లోహము అందులోనికి దిగిన దారి ఇరుకగును. కావున బయటికి గట్టిగా కనబడిన అతుకు లోపల కీడు చేయుచునే యుండును. ఎంసీలు, రబ్బరు గొట్టము, తీగ చుట్టు వంటివి అతుకు కంటెను నిష్ప్రయోజనములు.

మరికొందరు డ్రైవర్లు చెడిన పైపును ఊడదీసి, ఆ పంపు మూతి నుండి వచ్చు డీజిలును సీసాలోనికి పట్టుచు మూడు సిలిండర్లతో బండి నడుపుదురు. వేడెక్కిన పొగగొట్టము ప్రక్కన డీజిల్ సీసా, వెనుక గడ్డియో ధాన్యమో! ఇది నిప్పుతో చెలగాటమే. పంపు మూతిని బిగించివేయుట ఇంకను తప్పు. పోవుటకు దారి లేని ఒత్తిడి పంపునే చెరుపును.

మార్చు పద్ధతి

పాత తరహా పంపు గల ఇంజనులకు ఈ పద్ధతి వర్తించును. మేస్త్రీ చేయునప్పుడు యజమాని దగ్గర నిలిచి చూచుకొనవలెను.

1. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, చక్రములకు అడ్డు పెట్టి, బ్యాటరీ తీగ తీయవలెను. దగ్గర బీడీ, నిప్పు కూడదు.

2. నట్లు విప్పుటకు ముందే ఆ ప్రాంతము బ్రష్షుతో శుభ్రము చేయవలెను. పంపులో ఇసుక రేణువు పడిన పైపు ఖర్చు పోయి పంపు ఖర్చు వచ్చును.

3. క్లాంపులు ఎక్కడెక్కడ నున్నవో కాగితము మీద గీసికొని తరువాత విప్పవలెను. పంపు వైపు నట్టు విప్పునప్పుడు దాని క్రింది భాగమును రెండవ పానాతో పట్టుకొనవలెను. లేనిచో అది కూడ తిరిగి కొత్త కారుడు మొదలగును.

4. విప్పిన మూతులకు శుభ్రమైన మూతలు పెట్టవలెను. గుడ్డ పీలికలు, దూది కుక్కరాదు. వాటి నూగు నాజిలులో చేరును.

5. కొత్త పైపును పాతదాని ప్రక్కన పెట్టి పొడవు, వంపులు, మూతి ఆకారము, లోపలి బెజ్జము సరిచూడవలెను. వెలుపలి లావు ఒకటే యైనను లోపలి దారి వేరుగా నుండవచ్చును. వరుస పంపులలో అన్ని సిలిండర్ల పైపులు ఒకే పొడవున నుండుట చూచియుందురు. దగ్గరి సిలిండరు పైపును కూడ వంపులు తిప్పి పొడవు సమము చేసిరి. డీజిల్ పోటు అన్నిటికిని ఒకే విధముగా చేరుటకే ఆ ఏర్పాటు. కావున వేరొక బండి పైపును వంచి తగిలించుట సరికాదు.

6. రెండు చివరల నట్లను మొదట చేతితోనే ఎక్కింపవలెను. పైపు బలవంతము లేకుండ కూర్చుండవలెను. తరువాత కంపెనీ పుస్తకములో చెప్పినంత మేరకే బిగింపవలెను. కారుచున్నదని అదే పనిగా బిగించిన మూతి నలిగి కారుట హెచ్చును. క్లాంపులు యథాస్థానమున పెట్టినగాని పని ముగిసినట్లు కాదు.

7. తరువాత ఎయిర్ తీయవలెను. ముందు ఫిల్టరు మీది మర వదలుచేసి చేతిపంపు కొట్టి బుడగలు పోగొట్టవలెను. బ్యాటరీ తీగ తగిలించి, నాజిల్ వైపు నట్టు ఒక చుట్టు వదలుచేసి సెల్ఫు కొట్టవలెను. ముఖము, చేయి దూరముగా నుండవలెను. బుడగ లేని డీజిల్ రాగానే ఆపి నట్టు బిగింపవలెను.

8. చిందిన డీజిలంతయు తుడిచి, ఇంజను నడపి, అట్టముక్కను పైపు దగ్గర జరుపుచు తడి పడునేమో చూడవలెను. చేయి పెట్టరాదు. తడి కనబడిన, ఇంజను ఆపిన తరువాతనే పానా ముట్టవలెను.

కామన్ రైలు ఇంజనులకు ఏడవ అంశము ఎంత మాత్రము పనికిరాదు. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన భారత్ స్టేజి ఆరు లారీలు, 2023 జనవరి తరువాత వచ్చిన 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లు కొననున్నవారును, కొన్నవారును ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. ఇంజను నడచుచుండగా వీటి నట్లు వదలుచేయుట ప్రాణాపాయము. ఆపిన తరువాత కూడ లోపలి ఒత్తిడి తగ్గుటకు కొంతసేపు పట్టును. అనేక కంపెనీలు ఈ పైపును ఒకసారి విప్పిన మరల వాడవద్దనుచున్నవి. ఆ పని శిక్షణ పొందిన మేస్త్రీకే వదలివేయుట మేలు.

చేతికి డీజిల్ పోటు తగిలినచో

గాయము చిన్నది, నొప్పి లేదు అని మోసపోవలదు. పసుపు పెట్టుట, పిండుట, కాపడము పెట్టుట, తెల్లవారి చూతమనుట ఇవన్నియు హాని చేయును. వెంటనే 108కి ఫోను చేసి శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి పోవలెను. ఊరి మందుల దుకాణముతో సరిపెట్టుకొనరాదు. "డీజిల్ ఒత్తిడితో చర్మము లోపలికి పోయినది" అని అక్కడి వైద్యునకు స్పష్టముగా చెప్పవలెను. చెప్పనిచో సామాన్యమైన ముల్లు పోటుగా తలచు ప్రమాదము కలదు. దీనికి తొలి గంటలే ముఖ్యము.

"అయినను ఖర్చు గదా!"

ఈ మాట అనునది నిర్లక్ష్యము గలవారే కాదు. కిరాయిల మీద బ్రతుకు ఒంటి లారీ యజమానికి కంతులు కట్టు భారమున్నది. దుకాణము దూరము, రాత్రి తెరచియుండదు, కోతలలో మేస్త్రీ దొరకడు. ఇవన్నియు నిజమే. ఆ సాయంకాలము డ్రైవరు చెప్పినదానిలో అబద్ధమేమియు లేదు. అతనికి వేరు దారి చూపలేకపోయినది మేము. అందుచేత డ్రైవర్లకు బుద్ధి చెప్పినంత మాత్రమున ఈ కష్టము తీరదనియు, పైపు చిట్లక ముందే దానిని చేతికందునట్లు చేయవలెననియు నా అభిప్రాయము.

దీనికి నాలుగు పనులు చాలును. మొదటిది, ప్రతి బండి యజమాని తన ఇంజనుకు సరిపోవు పైపుల సెట్టు, క్లాంపులు, రెండు పానాలు బండిలోనే ఉంచుకొనవలెను. స్టెపినీ టైరు లేకుండ బయలుదేరువారు లేరు, ఇదియు అట్టిదే. రెండవది, సహకార సంఘములు ఎరువులతో పాటు, తమ గ్రామములలో ఎక్కువగా నున్న రెండు మూడు రకముల ఇంజనుల పైపులను కోతల కాలమున నిలువ ఉంచి కొన్న ధరకే అమ్మవలెను. మూడవది, కోతలకు పదునైదు దినముల ముందు ప్రతి రైతు వేదిక వద్ద ఒక దినము బండ్ల తనిఖీ జరుపవలెను. క్లాంపులు, పైపులు, కారుడు చూచుటకు బండికి పావుగంట చాలును. మన మండలములోని గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రము వంటి సంస్థల తోడ్పాటు కోరవచ్చును. నాలుగవది, పంచాయతీ కార్యదర్శులు, కొనుగోలు కేంద్రము నడుపువారు లారీకి బస్తాలు ఎక్కించుటకు ముందే ఇంజను ఒకసారి నడిపించి చూడవలెను. ఎక్కించిన తరువాత చూచిన మనకు త్వర పుట్టును. త్వర పుట్టిన అతుకు గుర్తుకు వచ్చును.

ఇందులో మా శాఖ బాధ్యత కూడ చెప్పనిదే న్యాయము కాదు. యంత్రములకు రాయితీ ఇప్పించునప్పుడు దరఖాస్తులు చూచుచున్నాము, రసీదులు చూచుచున్నాము. ఆ యంత్రము ముందు చేయి ఎక్కడ పెట్టకూడదో చెప్పుట కూడ మా పనియే. పురుగు మందు చల్లునప్పుడు మూతికి గుడ్డ కట్టుకొమ్మని చెప్పువారము, డీజిల్ పైపు దగ్గర వ్రేలు పెట్టవద్దని ఏల చెప్పరాదు? నాకు తెలియని విషయమున "తెలియదు" అని చెప్పుట కూడ నేను ఆ దినముననే నేర్చుకొంటిని.

ఆ కుర్రవాడు ఇప్పుడు లారీ నడుపుచున్నాడు. గత వానాకాలపు కొనుగోలులో కనబడి నాకు నమస్కరించెను. అతని సీటు క్రింది పెట్టెలో కొత్త నాజిల్ పైపులు రెండు, సంచిలో చుట్టి, మూతులకు మూతలు పెట్టి యున్నవి. "అట్టముక్క గూడ ఉంచిన సారూ" అని చూపించెను.

రైతు సోదరులారా, మీ ధాన్యము ఎక్కు బండి డ్రైవరును ఇకమీదట కిరాయి ఎంత అని అడుగుటకు ముందు, పైపు ఉన్నదా అని అడుగుడు.